మా బాబువి ఫెల్ప్స్ లాంటి చేతులట, ఛాంపియన్ అవుతాడా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బాబుకి పదకొండేళ్లు. రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఈతకు వెళ్తున్నాడు. జిల్లా మీట్‌లో 50 ఫ్రీస్టైల్‌లోనూ, 50 బటర్‌ఫ్లైలోనూ పతకాలొచ్చాయి. "వీడివి ఫెల్ప్స్ చేతులు, వదలకండి, రెండు పూటలా పంపండి" అని కోచ్ అంటున్నారు. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ అంతటివాడు కావడానికి శరీరం కారణమా, శ్రమ కారణమా, మీరు ఇప్పుడు ఏం చేయాలి, రేపు పదో తరగతి, ఇంటర్ వచ్చేసరికి ఎలా అన్నది మీ సందేహం.

ముందు జవాబు చెప్పేస్తాను. చేతులు చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. రెండు పూటలా ఇప్పుడే వద్దు. ఫెల్ప్స్ కెరీర్ మొత్తంలో మీ ఇంటికి నిజంగా పనికొచ్చేది పదకొండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా ఆయన చేత ఏం చేయించారన్నది. 28 ఒలింపిక్ పతకాలు, 23 స్వర్ణాలు, 39 ప్రపంచ రికార్డులు అన్నవి చూసి ఆనందించడానికి బాగుంటాయి కానీ, వాటిని చూసి పిల్లాడికి టైమ్‌టేబుల్ వేయలేం.

నేను ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఈదాను, ఆ తర్వాత చాలా ఏళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. ఫెల్ప్స్ రేసుల వీడియోలు ఆపి ఆపి చూపించడం నా క్లాసులో మామూలే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

శరీరం సంగతి. ఫెల్ప్స్ ఎత్తు 193 సెంటీమీటర్లు. చేతులు బార్లా చాపితే 201. ఒళ్లు పొడవు, ఆ ఎత్తుకు కాళ్లు పొట్టి. పాదాలు పెద్దవి, చీలమండలు బాగా వంగుతాయి. ఇవన్నీ నీళ్లలో కలిసొచ్చేవే, కాదనను. కానీ ఒలింపిక్ ఫైనల్లో ఎనిమిది లేన్లలో నిలబడినవాళ్లను ఒకసారి వరసగా చూడండి. దాదాపు అందరూ తాటిచెట్లే. పొడుగు ఫైనల్ దాకా రానిస్తుందేమో గానీ, అదొక్కటే గెలిపించదు.

ఇంకో లెక్క చూడండి. 400 మీటర్ల మెడ్లీలో (బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, ఫ్రీస్టైల్ నాలుగూ ఒకే రేసులో ఈదాలి) ఫెల్ప్స్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 4:03.84తో పెట్టిన రికార్డు దాదాపు పదిహేనేళ్లు నిలిచింది. 2023 జులైలో ఫుకువోకాలో దాన్ని 4:02.50తో కొట్టినవాడు ఫ్రాన్స్ కుర్రాడు లియోన్ మర్షాన్. ఎత్తు 187 సెంటీమీటర్లు. ఫెల్ప్స్ కొలతలేవీ అతనికి లేవు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది కోచ్ బాబ్ బౌమన్, ఇంకా గోడను తన్నుకున్నాక నీళ్ల అడుగున పోయే తీరు. అదే 400 మెడ్లీలో జపాన్‌కు చెందిన దైయా సెటో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అతని ఎత్తు 174. మన కాలేజీ కుర్రాళ్ల మధ్య నిలబెడితే ఎవరూ తిరిగి చూడరు.

పైగా పదకొండేళ్ల పిల్లాడి చేతులను బట్టి ఏం చెప్పగలం? ఎదిగే వయసులో చేతులూ పాదాలూ ముందు సాగుతాయి, ఒళ్లు తర్వాత అందుకుంటుంది. రెండేళ్లాగితే అవే చేతులు మామూలుగా కనిపించవచ్చు. ఫెల్ప్స్ రోజుకు 12,000 కేలరీలు తినేవాడన్న మాట కూడా ఇలాంటిదే. అది నిజం కాదని ఆయనే చెప్పాడు. అయినా ఆ అంకె చూసి పిల్లాడికి పొద్దున్నే నాలుగు గుడ్లు, ఆరు అరటిపళ్లు కుక్కిన తల్లిదండ్రుల్ని నేను చూశాను. వార్మప్‌లోనే వాంతి చేసుకున్నాడు పాపం.

ఆ ఇంట్లో ముందు ఛాంపియన్ ఆయన కాదు. ఫెల్ప్స్ 1985 జూన్ 30న పుట్టాడు. పెరిగింది అమెరికాలోని బాల్టిమోర్ దగ్గర. ఇద్దరక్కలు హిలరీ, విట్నీ. ఇద్దరూ ఈతగాళ్లే. వాళ్లను దింపడానికి అమ్మ డెబీ పూల్‌కు వెళ్తుంటే వెనకాలే వెళ్లి ఏడేళ్లకు తానూ దిగాడు. ముఖం నీళ్లలో పెట్టడం ఇష్టం లేక మొదట బ్యాక్‌స్ట్రోక్ నేర్చుకున్నాడు. ఇది చెబితే కొత్తగా చేరిన పిల్లలు తెగ సంబరపడతారు.

ఆ ఇంట్లో అందరి ఆశలూ ముందు చిన్నక్క విట్నీ మీదే ఉండేవి. పద్నాలుగేళ్లకే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 200 బటర్‌ఫ్లై ఈదింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు వెళ్లి తీరుతుందనుకున్నారు. వెన్ను దెబ్బతింది. సెలక్షన్ ట్రయల్స్‌లో ఆరో స్థానంలో ఆగిపోయింది. ఒకే ఇల్లు, ఒకే అమ్మానాన్నల పిల్లలు, ఒకే ఈవెంట్. తమ్ముడి గురించి లోకానికంతా తెలుసు, అక్క గురించి అడిగేవాళ్లు లేరు. మీ కోచ్ "రెండు పూటలా" అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది విట్నీయే. ఎదుగుతున్న వెన్నుకు, భుజాలకు ఒక హద్దు ఉంటుంది. బటర్‌ఫ్లైలో ఆ హద్దు ఇంకా ముందే వస్తుంది.

పదకొండు నుంచి పదిహేను. బాబ్ బౌమన్ నార్త్ బాల్టిమోర్ క్లబ్‌లో ఫెల్ప్స్‌ను చేతిలోకి తీసుకునేటప్పటికి పిల్లాడికి పదకొండేళ్లు. అప్పటికే ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) ఉందని డాక్టర్లు చెప్పారు. అమ్మానాన్నలు విడిపోయారు. క్లాసులో ఒక్కచోట కుదురుగా కూర్చోడు. నీళ్లలో మాత్రం గంటలకు గంటలు ఉండగలడు. కోచ్ తల్లిదండ్రుల్ని పిలిచి ఒలింపిక్స్ మాటెత్తింది కూడా ఆ రోజుల్లోనే. ఇది చదివి "చూశారా, మా కోచ్ కూడా అలాగే పిలిచాడు" అనకండి. ఆ తర్వాత బౌమన్ ఏం చేయించాడన్నది అసలు విషయం.

పదేళ్ల వయసు విభాగంలో 100 బటర్‌ఫ్లై జాతీయ రికార్డు ఉన్న పిల్లాడిని మరో కోచ్ అయితే బటర్‌ఫ్లై స్ప్రింట్లకే అంకితం చేసేవాడు. ఏడాదికి డజను పతకాలు రావడం ఖాయం. బౌమన్ నాలుగు స్ట్రోకులూ చేయించాడు, దూరాలు ఈదించాడు, కాళ్ల పని చేయించాడు. ఫెల్ప్స్ ఈవెంట్ల జాబితా చూడండి: 100, 200 బటర్‌ఫ్లై, 200 ఫ్రీస్టైల్, 200, 400 మెడ్లీ. ఒకే మనిషి ఇవన్నీ ప్రపంచ స్థాయిలో ఈదడం మామూలు విషయం కాదు. ఆ వెడల్పు అంతా ఆ నాలుగైదేళ్లలో వచ్చింది. గుండె, ఊపిరితిత్తులు, నీటిని పట్టుకునే చేయి, ఈ మూడూ ఆ వయసులో ఎంత నేర్చుకుంటాయో తర్వాత అంత నేర్చుకోవు. స్ప్రింట్ వేగం పద్దెనిమిదికి కూడా తెచ్చుకోవచ్చు.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు పదిహేనేళ్లకే వెళ్లాడు. అమెరికా పురుషుల ఈత జట్టులో 68 ఏళ్లలో అంత చిన్నవాడు లేడు. 200 బటర్‌ఫ్లై ఫైనల్లో 1:56.50. ఐదో స్థానం. కంచుకు 0.33 సెకను దూరం. మన దగ్గరైతే ఊళ్లో ఫ్లెక్సీలు కట్టేవాళ్లు, అందులో తప్పూ లేదు. బౌమన్ మర్నాడే ప్రాక్టీసుకు దింపాడు. ఆ రోజు వర్కవుట్ కాగితం మీద "ఆస్టిన్, ప్రపంచ రికార్డు" అని రాసి ఉంది. ఆస్టిన్ అంటే ఆర్నెల్లలో జరగబోయే జాతీయ పోటీల ఊరు. 2001 మార్చి 30న అక్కడే 1:54.92 ఈదాడు. పదిహేనేళ్ల తొమ్మిది నెలలకు ప్రపంచ రికార్డు. మగవాళ్లలో అంత చిన్న వయసులో ఎవరూ పెట్టలేదు.

టీనేజీలో కొన్నేళ్లపాటు ఆదివారాలు, క్రిస్మస్ కూడా వదలకుండా ఈదాడు. ఏడాదికి 52 ఆదివారాలు అదనంగా దొరుకుతాయన్నది వాళ్ల లెక్క. ఈ ముక్క నెట్‌లో తెగ తిరుగుతుంది. దాన్ని మీ ఇంట్లో అమలు చేయకండి. ఆయన వెనక ఫిజియో, డాక్టరు, పూల్‌కు నిమిషాల దూరంలో ఇల్లు, సర్దుకుపోయే బడి ఉన్నాయి. మీ బాబు పూల్ నుంచి ఇంటికి ట్రాఫిక్‌లో ముప్పావుగంట కూర్చుని, హోంవర్క్ చేసి, పదింటికి పడుకుంటాడు. ఈతగాడు బలపడేది నిద్రలో. ఆదివారం పడుకోనివ్వండి.

నీళ్ల అడుగున ఏం జరుగుతుంది. నన్నడిగితే ఫెల్ప్స్ నుంచి ఒక్క పని మాత్రమే నేర్చుకోమంటాను, అది ఇది. గోడను తన్ని కదిలిన క్షణంలో మనిషి వేగం చేతులతో ఈదే వేగం కంటే ఎక్కువ. పైకి వచ్చిన కొద్దీ నీటి ఉపరితలం మీద అలలు పుట్టి ఆ వేగాన్ని తినేస్తాయి. కాస్త లోతులో ఉంటే ఆ నష్టం తక్కువ. అందుకే మంచి ఈతగాళ్లు అడుగునే డాల్ఫిన్ కిక్‌తో (రెండు కాళ్లూ కలిపి అలలా కొట్టడం) వీలైనంత దూరం పోతారు. బ్రెస్ట్‌స్ట్రోక్ తప్ప మిగతా మూడింట్లో గోడ నుంచి 15 మీటర్ల లోపు తల పైకి రావాలన్నది రూలు. 2007 మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో 200 ఫ్రీస్టైల్‌లో ఆస్ట్రేలియా ఈతగాడు ఇయాన్ థోర్ప్ రికార్డు 1:44.06ను ఫెల్ప్స్ 1:43.86కు దించాడు. ఆ రేసులో చివరి టర్న్ (గోడ దగ్గర వెనక్కి తిరిగి తన్నుకోవడం) వీడియో వెతికి చూడండి. పక్క లేన్లలో వాళ్లు పైకి తేలి చేతులు తిప్పుతుంటే ఈయన ఇంకా అడుగునే ఉంటాడు. పైకి వచ్చేసరికి రేసు ముగిసినట్టే.

ఇప్పుడు మీ బాబు పూల్‌కు రండి. గోడకు 5 మీటర్ల దూరంలో పైన అడ్డంగా జెండాల తాడు వేలాడుతుంటుంది, బ్యాక్‌స్ట్రోక్ వాళ్లకు గోడ దగ్గరపడిందని తెలియడానికి. బాబు టర్న్ తీసుకుని ఆ తాడు కిందికి రాకముందే తేలుతున్నాడా, దాటాక తేలుతున్నాడా చూడండి. పదకొండేళ్ల పిల్లల్లో ఎక్కువమంది రెండో కిక్కుకే తల ఎత్తేస్తారు. చేతులు విడిపోయి ఉంటాయి, గడ్డం ముందుకు పొడుచుకొస్తుంది. సరిగ్గా చేస్తే ఒక అరచేయి మీద ఇంకో అరచేయి, పై చేతి బొటనవేలు కింది చేతిని పట్టుకుని ఉండాలి, మోచేతులు చెవుల వెనక్కి బిగియాలి, చూపు పూల్ అడుగు మీద ఉండాలి. మా దగ్గర కొత్త పిల్లలకు మొదటి నెలంతా ఈ పొజిషన్‌లో గోడను తన్ని కదలకుండా జారడమే. తల్లిదండ్రులకు విసుగొస్తుంది. "ఫీజు కట్టింది ఇలా జారడానికా" అని ఒకాయన గ్యాలరీలోంచే అరిచారు. ఆయన కూతురు ఇప్పుడు జెండాలు దాటి రెండు మీటర్లు పోయాక గానీ పైకి రాదు.

దీనికి పొడుగు చేతులు అక్కర్లేదు.

కళ్లజోడు కథ. బీజింగ్‌లో ఎనిమిది స్వర్ణాలు, తొమ్మిది రోజుల్లో 17 రేసులు, 1972 మ్యూనిక్‌లో మార్క్ స్పిట్జ్ ఏడు స్వర్ణాల రికార్డు పోవడం, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేస్తున్నా. 200 బటర్‌ఫ్లై ఫైనల్ మాత్రం చెప్పాలి. దూకగానే గాగుల్స్‌లోకి నీళ్లు చేరడం మొదలైంది. చివరి యాభైలో గోడ కనిపించడం లేదు. ఎన్ని బారలు వేస్తే గోడ వస్తుందో తెలుసు కాబట్టి లెక్కపెట్టుకుంటూ ఈదాడు. 1:52.03, ప్రపంచ రికార్డు. గట్టు మీదికి వచ్చి గాగుల్స్ విసిరికొట్టాడు, టైమింగ్ ఇంకా బాగుండాల్సిందని.

అదృష్టం అనుకోకండి. చిన్నప్పుడు ఒక మీట్‌లో బౌమన్ కావాలనే అతని గాగుల్స్ తొక్కి పగలగొట్టాడు, అలాంటి రోజు వస్తే ఏం చేస్తాడో చూద్దామని. నేను అంత దూరం పోను, ఇక్కడ మంచి గాగుల్స్ ధర మీకు తెలుసు కదా. కానీ ప్రతి పిల్లాడి చేతా బారలు లెక్కపెట్టిస్తాను. 25 మీటర్ల పూల్‌లో మొదటి ల్యాప్‌కు 18 బారలు పట్టిన పిల్లాడికి ఎనిమిదో ల్యాప్‌కు 24 పట్టాయంటే చేయి నీటిని పట్టుకోవడం లేదు, ఊరికే తిరుగుతోంది. స్టాప్‌వాచ్ ఈ సంగతి చెప్పదు. ఇంకా కష్టపడమని మాత్రం చెబుతుంది.

వందో వంతు సెకను. అదే బీజింగ్‌లో 100 బటర్‌ఫ్లై. సగం దూరంలో ఫెల్ప్స్ ఏడో స్థానంలో ఉన్నాడు. చివర్లో సెర్బియా ఈతగాడు మిలోరాడ్ చావిచ్ చేతులు చాపి గోడ వైపు జారాడు. ఫెల్ప్స్ ఇంకో సగం బార వేసి టచ్‌ప్యాడ్‌ను గుద్దాడు. 50.58, 50.59. నాలుగేళ్లకు లండన్‌లో 200 బటర్‌ఫ్లైలో ఈయనే గోడ వైపు జారాడు. దక్షిణాఫ్రికా కుర్రాడు చాడ్ లె క్లో చేయి విసిరి 0.05 సెకను తేడాతో స్వర్ణం పట్టుకుపోయాడు. బీజింగ్ తర్వాత ప్రాక్టీసులు ఎగ్గొట్టానని ఫెల్ప్సే తర్వాత ఒప్పుకున్నాడు. నాకు ఈ రెండో రేసే ఎక్కువ ఇష్టం. ప్రాక్టీసులో ప్రతి ల్యాప్ చివర గోడను చేత్తో తాకకుండా మూడడుగుల ముందే ఆగిపోయే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లకు ఈ రెండు వీడియోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే నేను అరవాల్సిన పని ఉండదు.

నా దగ్గర చూసినవి. మీ బాబు పరిస్థితిలోనే ఒక పిల్లాడు వచ్చాడు. పన్నెండేళ్లకే నూనూగు మీసం, తోటివాళ్లు వాడి చెవి దాకానే వచ్చేవాళ్లు, అంత పొడుగు. 50 మీటర్లు ఏది పెట్టినా పతకమే. వాళ్ల నాన్న ఎప్పుడూ గట్టు మీద ఫోన్‌లో టైమర్ పట్టుకుని ఉండేవారు. మెడ్లీ చేయిద్దామంటే "బ్రెస్ట్‌స్ట్రోక్‌లో వీడు మూడోవాడైపోతాడు సార్, కాన్ఫిడెన్స్ పోతుంది" అనేవారు. పద్నాలుగు వచ్చేసరికి మిగతా పిల్లలూ ఎదిగారు. ఎత్తులో తేడా పోయింది, చేతిలో వేరే సరుకు లేదు. అప్పటిదాకా ఓటమి ఎరగని పిల్లాడు ఫైనల్‌కు రాని మొదటి మీట్ తర్వాత మళ్లీ పూల్‌కు రాలేదు.

అదే బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉండేది. పదకొండేళ్లకు ఎప్పుడూ ఐదో స్థానమో, ఆరో స్థానమో. చిన్న ఒళ్లు. అన్ని స్ట్రోకులూ సరిగ్గా వేసేది, టర్న్‌లో ఎప్పుడూ తొందరపడేది కాదు. పదిహేనుకు 400 మెడ్లీలో జూనియర్ నేషనల్స్ ఫైనల్లో ఈదింది. పతకం రాలేదు. ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీ టైమింగ్స్‌తో కుదరక మానేసింది. ఇప్పుడు సెలవుల్లో వచ్చి చిన్నపిల్లలకు బ్యాక్‌స్ట్రోక్ నేర్పుతుంది. ఇది విజయమా కాదా అని మీరు అడిగితే నా జవాబు అవునే, ఆమె ఇప్పటికీ నీళ్లలోకి సంతోషంగా దిగుతోంది కాబట్టి.

ఆడపిల్లలు ముందు ఎదుగుతారు, మగపిల్లలు ఆలస్యంగా. అందుకే పదకొండేళ్ల మగపిల్లాడి పతకానికి నేను పెద్ద విలువ ఇవ్వను, ఓటమికీ ఇవ్వను.

పతకాల అవతల. ఫెల్ప్స్ లాంటి జీవితం కావాలనుకునేవాళ్లకు ఈ భాగం కూడా చెప్పాలి. 2004 ఏథెన్స్‌లో ఆరు స్వర్ణాలు, రెండు కంచు పతకాలు గెలిచి వచ్చిన కొద్ది నెలలకే తాగి కారు నడిపి పట్టుబడ్డాడు. 2009లో గంజాయి గొట్టంతో ఉన్న ఫొటో బయటికొచ్చి మూడు నెలల సస్పెన్షన్. 2012లో 22 పతకాలతో రిటైరై, 2014లో తిరిగొచ్చి, అదే ఏడాది మళ్లీ తాగి కారు నడిపిన కేసు, ఆరు నెలల సస్పెన్షన్. ప్రతి ఒలింపిక్స్ తర్వాతా కుంగుబాటులోకి జారిపోయానని, ఒక దశలో గదిలోంచి బయటికి రాకుండా బతకాలనే అనిపించని రోజులు గడిపానని ఆయనే తర్వాత అందరి ముందూ చెప్పాడు. చికిత్స తీసుకున్నాడు. 2016 రియోలో ముప్పై ఒకటో ఏట ఇంకో ఐదు స్వర్ణాలు, ఒక రజతం గెలిచి మానేశాడు. ఇప్పుడు మానసిక ఆరోగ్యం గురించి ఎక్కువ మాట్లాడతాడు.

పూల్ తప్ప వేరే లోకం లేకుండా పెరిగితే పూల్ బయటికొచ్చిన రోజు "నేనెవరు" అన్న ప్రశ్న ఎదురవుతుంది. అంత పెద్ద ఛాంపియన్‌కే ఎదురైంది. మీ బాబుకు క్రికెట్ ఆడే స్నేహితులు ఉంటే వాళ్లతో ఆడనివ్వండి. పండక్కి అమ్మమ్మగారింటికి వెళ్లనివ్వండి. నాలుగు రోజుల ప్రాక్టీసు పోతే కొంపేం మునగదు.

మన స్థాయి ఎక్కడుంది. 200 బటర్‌ఫ్లైనే తీసుకుందాం. కేరళకు చెందిన సజన్ ప్రకాశ్ 2021 జూన్‌లో రోమ్‌లో 1:56.38 ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించిన తొలి భారత ఈతగాడయ్యాడు. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్లు, అంతకుముందే మెడ గాయంతో నానా అవస్థా పడ్డాడు. నాకు అది చాలా గొప్ప ఈత. దాన్ని పదిహేనేళ్ల ఫెల్ప్స్ సిడ్నీలో ఈదిన 1:56.50 పక్కన పెడితే మనం ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది. ఈ దూరానికి కారణం మన పిల్లల చేతులు పొట్టి కావడం కాదు. ఏడాది పొడవునా తెరిచి ఉండే 50 మీటర్ల పూల్స్ తక్కువ, పదమూడు దాటాక పిల్లాడిని చదువూ ఈతా రెండూ మోయనిచ్చే బడులు తక్కువ, పన్నెండేళ్ల లోపే పతకాలు పిండుకునే అలవాటు ఎక్కువ.

ఇంకో మాట, మనవాళ్లకే తెలియదు. ఇదే 200 బటర్‌ఫ్లైలో మన దేశం తరఫున ఒలింపిక్స్‌లో ఈదినవాడు అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతపు మనిషి, షంషేర్ ఖాన్. సైన్యంలో పనిచేశాడు. బటర్‌ఫ్లైని విడి ఈవెంట్‌గా పెట్టిన మొదటి ఒలింపిక్స్ 1956 మెల్‌బోర్న్‌వి, ఆయన అందులో హీట్స్‌లో (తొలి రౌండులో) ఈదాడు. 2017లో సొంతూళ్లోనే చనిపోయాడు. మా పూల్‌లో పిల్లలకు ఫెల్ప్స్ పతకాలు వేళ్ల మీద లెక్కే, ఆయన పేరు అడిగితే ముఖముఖాలు చూసుకుంటారు.

ఇక మీరు చేయాల్సింది. పదకొండేళ్లకు వారానికి ఐదు రోజులు, రోజుకు గంటన్నర చాలు. పదమూడు, పద్నాలుగు దాటి, ఎత్తు పెరిగే జోరు కాస్త తగ్గాక, అప్పటికీ వాడికి ఇష్టంగా ఉంటే వారానికి రెండు ఉదయాలు కలపండి. తనంతట తాను అలారం పెట్టుకుని లేచే పిల్లాడికి రెండో పూట పనిచేస్తుంది. మీరు దుప్పటి లాగి లేపాల్సి వస్తుంటే అది మీ శిక్షణ అవుతుంది, వాడిది కాదు.

చేతులకు తగిలించే ప్లాస్టిక్ ప్యాడిల్స్ ఈ వయసులో వద్దు, భుజం మీద భారం పడుతుంది. భుజం నొప్పి రెండు రోజులు దాటితే బామ్ రాసి పంపకండి, చేతులు ఆపి కాళ్ల పని మాత్రం చేయించమని కోచ్‌కు చెప్పండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. తిండి మామూలు ఇంటి తిండే. ప్రాక్టీసుకు గంట ముందు ఇడ్లీలో, అరటిపండో, బయటికొచ్చిన అరగంటలో గుడ్డు, అన్నం పప్పు. ప్రోటీన్ డబ్బాలు అక్కర్లేదు. నీళ్లలో ఉన్నా చెమట పడుతుంది, గట్టు మీద నీళ్ల సీసా ఉండాలి.

టైమింగ్స్ రాసుకునేటప్పుడు పక్కన పూల్ పొడవు కూడా రాయండి. 25 మీటర్ల పూల్‌లో టర్న్‌లు ఎక్కువ కాబట్టి టైమింగ్ బాగా వస్తుంది. రెండింటినీ పోల్చి "పోయిన నెలకంటే తగ్గాడు" అని పిల్లాడి మీద పడేవాళ్లను చూస్తూనే ఉంటాను.

కోచ్‌ను మార్చమని నేను చెప్పడం లేదు. ఆయన్ని కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. వచ్చే రెండేళ్లు వీడికి నాలుగు స్ట్రోకులూ చేయిస్తారా? 200 మెడ్లీలో ఓడిపోయినా దింపుతారా? వారంలో టర్న్‌లకు, అడుగున కిక్‌లకు విడిగా ఎంత టైమిస్తారు? మూడింటికీ తడుముకోకుండా జవాబొస్తే, చేతుల గురించి ఆయన అన్న మాట ముద్దుగా అన్నారనుకుని వదిలేయండి, మంచి చోటే ఉన్నారు. "ముందు స్టేట్ మెడల్ రానీయండి, తర్వాత చూద్దాం" అంటే మాత్రం ఇంకో రెండు పూల్స్ చూసి రండి.

పదో తరగతి, ఇంటర్ సంగతి కూడా అడిగారు. దాని గురించి ఇప్పట్నుంచే టెన్షన్ పడకండి. తొమ్మిదో తరగతి మొదలయ్యేటప్పుడు బాబును కూడా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుకోండి. అప్పటికి పిల్లాడి ఎత్తు ఏమిటో, 200 మెడ్లీ ఎంతలో ఈదుతున్నాడో, పొద్దున్నే తనే లేస్తున్నాడో లేదో మీ ముందే ఉంటుంది.